రైలుకట్ట పక్క కిటికీ

కొట్లోంచి, మధ్యాహ్నం
చలి వెనక్కి తగ్గిన రోజులు

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఈ కాలంలో ఉత్తరాలేమిటని బావగారు నవ్వుతున్నారన్నావు. నవ్వనీ. మేడ మీద ఉన్నవి రెండే గదులు, మధ్య గోడ చెక్కది. నేను ఫోనులో గుసగుసలాడినా చిన్నోడికి వినిపిస్తుంది. వాడి మాటే మాట్లాడుతున్నానని తెలిస్తే ఆ పూట కంచం ముట్టుకోడు. పైగా నీకు కుడిచెవి వినపడదు, ఎడమచెవి వినిపించుకోదు. మనకు కాగితమే నయం.

ఇక్కడ వార్త ఒక్కటే. రైలుకట్ట మీద పట్టాలు పీకేస్తున్నారు. రైళ్ళు ఆగిపోయి ఇన్నేళ్ళయినా పట్టాలుండేవి కదా, ఎప్పటికైనా ఏదో ఒకటి వస్తుందిలే అనిపించేది. ఇప్పుడు వాటిని కోసి లారీలకెత్తుతున్నారు. కట్టంతా చదును చేసి, మొక్కలు నాటి, బెంచీలు వేసి, ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు నడకదారి వేస్తారట. వాకింగ్ ట్రాక్ అంటున్నారు అందరూ.

దాని మీద బడి హాల్లో మీటింగు పెట్టారు. నేనూ వెళ్ళాను. మన పక్కనున్న టైర్ల కొట్టాయన లేచి, "రైలైతే టైముకొస్తుంది, టైముకి పోతుంది. రేపు దొంగలొస్తారు. వాళ్ళకు టైంటేబులుందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎదుటి వీధి టీచరమ్మ మాత్రం, "మా పిల్లలు ఆడుకోవడానికి జానెడు చోటు లేదు, దొంగల పేరు చెప్పి అది కూడా చెడగొట్టకండి" అని గట్టిగానే వేసుకుంది. చివరికి ఇష్టమైనవాళ్ళు చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను.

ఎందుకు ఎత్తానంటావా? ఆ ముందురోజే కొలతలు వేసే ఇంజనీరమ్మాయి కొట్లోకి వచ్చి అడిగింది, "పైన కిటికీలో పొద్దస్తమానం నిలబడేది ఎవరండీ?" అని. మా తమ్ముడన్నాను. ఇరవయ్యో ఏట జ్వరం మెదడుకెక్కిందనీ, అప్పటి నుంచి మాటలు నాలుగైదుకి మించవనీ, మెట్లు దిగడనీ, నలభై దాటినా మాకు చిన్నోడేననీ చెప్పాను. కట్ట సరిగ్గా వాడి కిటికీ ఎత్తున ఉంది కదా, రైలు వస్తే "వచ్చింది" అనేవాడు, పోతే "పోయింది" అనేవాడు, చెయ్యి ఊపేవాడు, రైళ్ళు ఆగాక గడ్డినీ పిల్లుల్నీ చూస్తూ నిలబడుతున్నాడు అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "ఇకనుంచి మనుషుల్ని చూస్తారు లెండి" అంది. ఆ ఒక్క మాటకి నా చెయ్యి దానంతటదే లేచింది.

కూలీలు వచ్చినప్పటి నుంచి వాడి సంబరం చూడాలి. పలుగు పడ్డ ప్రతిసారీ చప్పట్లు.

నీ చెల్లెలు


దుప్పట్ల గది నుంచి
ఎండలు ముదిరిన వేళ

పొట్టీ,

మంచి పని చేశావు. ఇన్నాళ్ళకు మీ వీధికి ఒక మంచి జరుగుతోంది. టైర్ల కొట్టాయన మాట పట్టించుకోకు, ఆయన తన నీడ మీద కూడా ఫిర్యాదు రాసే రకం.

ఇక్కడ హోటలు నిండా జనం. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి పడుకుని పోతారు, వాళ్ళ నిద్రలన్నీ మేము ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెడుతున్నాం. ఆవిరికి నా మొహం ఉడికిపోయింది. నా కింద పనిచేసే పిల్లలు నలుగురూ చేతులకంటే నోళ్ళు ఎక్కువ ఆడిస్తారు. మీ బావ మోకాలు చిప్ప మార్చాలన్నారు. బస్సు నడిపి నడిపి అరిగిపోయిందట. ఆయనేమో, "బస్సుకైతే కొత్త పార్టు రెండు రోజుల్లో వేయించేవాణ్ణి" అని గొణుగుతున్నారు.

అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళిపోయింది. దాని గది ఖాళీ. కిటికీ వీధివైపు, గాలి బాగా వస్తుంది. కుట్టుమిషను వేసుకుందామా అని ఆలోచిస్తున్నా.

చిన్నోడికి నా ముద్దులు. ఆ దారి తెరిచిన రోజు వాడికి మంచి చొక్కా తొడుగు. కిటికీలోంచైనా నలుగురి కంట పడేవాడు కదా.

అక్క


కొట్లోంచి
వానలు మొదలయ్యాక

అక్కా,

తెరిచారు. నీలం చొక్కా తొడిగాను, తల దువ్వాను. ఆ మొదటి ఉదయం చూడాల్సింది నువ్వు. కట్ట మీద తిరునాళ్ళలా జనం. చక్రాల బండిలో పసిపిల్లల్ని తోసుకుంటూ తల్లులు, కర్రలు పట్టుకున్న తాతలు, సైకిళ్ళు, కుక్కలు. చిన్నోడు ఊచలు పట్టుకుని అందరికీ చెయ్యి ఊపాడు. అక్కా, వాళ్ళూ ఊపారు! రైల్లో వాళ్ళు ఎప్పుడో ఒకరు ఊపేవాళ్ళు, అదీ కనిపించీ కనిపించకుండా. వీళ్ళు నిలబడి, నవ్వి, ఊపారు. వాడు నావైపు తిరిగి చూసిన చూపు ఎలా రాయాలో నాకు తెలియదు. రైలుకి వచ్చింది, పోయింది అనే రెండు మాటలే సరిపోయేవి. ఆగిన మనిషికి వాడి దగ్గర మాట లేదు. కాసేపు తడుముకుని, "ఉంది" అన్నాడు. ఈ వయసులో కొత్త మాట నేర్చాడు.

నాకూ పని పెరిగింది. సైకిలు తాళంచెవులు పారేసుకోని రోజు లేదు జనానికి. కట్ట దిగి తిన్నగా మన తాళాల కొట్లోకి వస్తున్నారు. తాళంచెవులు కోసే మిషను ముందు కూర్చుంటే సాయంత్రానికి ఒళ్ళంతా ఇత్తడి పొడి, బంగారు బొమ్మలా మెరుస్తున్నాను. నాన్న ఉన్నరోజుల్లో కూడా ఇంత గిరాకీ లేదు.

ఉదయాన్నే పరుగెత్తే అమ్మాయి ఒకతె ఉంది. మందుల కొట్లో పనిట. నీలం బూట్లు. చిన్నోడు ఆ అమ్మాయికి "బూట్లు" అని పేరు పెట్టాడు. ఆమె వచ్చే వేళకి లేచి మొహం కడుక్కుని సిద్ధంగా నిలబడతాడు.

ఒక్కటే కాస్త ఇబ్బంది. రైలు మన ఇంట్లోకి చూసినా క్షణంలో పోయేది. మనుషులు అలా కాదు, ఆగుతారు. నేను తల దువ్వుకుంటుంటే చూస్తారు, మంచం మీద ఆరేసిన బట్టలు చూస్తారు. ఫోన్లు ఎత్తి ఫొటోలు తీస్తారు. కర్టెన్ కడితే చిన్నోడు పీకి పారేశాడు. రెండుసార్లు కట్టాను, రెండుసార్లూ పీకాడు. పోనీలే, వాడి సంతోషం కంటే నా తల దువ్వుకోవడం ఎక్కువా?

నీ చెల్లెలు


దుప్పట్ల గది నుంచి
వానలు

పొట్టీ,

కర్టెన్‌కి పైన కమ్మీ కాకుండా, కింద కూడా ఒక కమ్మీ బిగించు. సగం కిటికీ మూసి సగం తెరువు. ప్రతిదీ నేనే చెప్పాలా?

ఒక సంగతి. నా కింద పనిచేసే పిల్లల్లో ఒకతె ఫోనులో వీడియో చూపించింది. ఎవరో తీసి పెట్టారు, చాలామంది చూశారట. "కిటికీ మామయ్య" అని పేరు. చిన్నోడే. చెయ్యి ఊపుతున్నాడు, వెనక ఏదో పాట పెట్టారు. నలుగురూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదులే. నేను మావాడేనని చెప్పేసరికి ముచ్చటపడ్డారు.

నీలం చొక్కా నప్పింది వాడికి. కానీ ఇంకో వీడియోలో బనీను మీద ఉన్నాడు. అలా నిలబడనివ్వకు.

మీ బావకి ఆపరేషను ఖాయమైంది.

అక్క


మేడ మీద నుంచి, వాడు నిద్రపోతుండగా
వానలు వెలిసాక

అక్కా,

నీకు రాయాలా వద్దా అని రెండు వారాలు ఆగాను.

నడిచేవాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. దానికి పెద్ద ఒక రిటైరైన మేనేజరుగారు. మర్యాదస్తుడు. కొట్టు ముందు చెప్పులు విప్పబోతుంటే వద్దండీ అన్నాను. ఆయనతో ఆ నీలం బూట్ల అమ్మాయి కూడా వచ్చింది. తాళానికి వచ్చారనుకున్నాను. చిన్నోడి గురించి వచ్చారు.

"మీ తమ్ముడు చెడ్డవాడని నేను అనట్లేదండీ," అంది ఆ అమ్మాయి. నేలనే చూస్తూ మాట్లాడింది. "నేను పనికి పోయేలోగా, ఇంకా జనం రాకముందే పరుగెత్తాలి. ఆ మలుపు తిరగ్గానే ఆయన ఉంటారు. రోజూ. నేనెప్పుడొస్తానో ఆయనకి తెలుసు. మొన్న రెండు రోజులు ఒంట్లో బాగోక రాలేదు. మూడో రోజు నన్ను చూసి ఊచలు పట్టుకుని ఊపేస్తున్నారు, ఏదో అరుస్తున్నారు."

"అలిగాడమ్మా. అంతే. నువ్వు రాలేదని."

"నాకెలా తెలుస్తుందండీ?"

నిజమే అక్కా, ఎలా తెలుస్తుంది? నా వయసులో ముప్పై ఏళ్ళు వెనక్కి పోయి, ఒంటరిగా పరుగెడుతూ, కిటికీలో బనీను మీదున్న మగాడు రోజూ నాకోసం కాచుకుని ఉండటం చూస్తే నేనేం చేసేదాన్ని? ఆ దారే మానేసేదాన్ని. ఆ అమ్మాయి మానేయకుండా వచ్చి చెప్పింది. ఇంకా నలుగురైదుగురు ఆడపిల్లలు అదే మాట అన్నారని మేనేజరుగారు చెప్పారు. కిటికీ మూసి ఉంచితే సరిపోతుంది, లేదా అద్దానికి తెల్ల కాగితం అంటించినా చాలు అన్నారు. నేను చూస్తానండీ అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

వాళ్ళు కొట్టు మెట్లు దిగుతుంటే పైనుంచి వాడి గొంతు. "బూట్లు! బూట్లు!" కొట్లోకి వచ్చిన గొంతు గుర్తుపట్టాడు. ఆ అమ్మాయి మొహం తెల్లబడింది. తల వంచుకుని వెళ్ళిపోయింది.

కాగితం అంటించాను. గోళ్ళతో గీకేశాడు. కిటికీ మూసి గడియ పెట్టాను. నుదురు ఊచలకేసి కొట్టుకున్నాడు, చూడలేక తెరిచాను.

అక్కా, మీ అమ్మాయి గదికి వీధివైపు కిటికీ ఉందన్నావు. కొన్నాళ్ళ పాటు వాడికి చోటు మారితే ఏమైనా మేలా అని ఆలోచిస్తున్నాను. ఆలోచన మాత్రమే.

నీ చెల్లెలు


ఇంటి నుంచి
చలి మొదట్లో

పొట్టీ,

ఆపరేషను అయింది. మీ బావ వాకరు పట్టుకుని హాల్లో ఈ గోడకీ ఆ గోడకీ తిరుగుతున్నారు. స్నానం, మందులు, అన్నీ నేనే. హోటల్లో సెలవు దొరకడమే గగనమైంది. ఇంట్లో ఇద్దరు పట్టే చోట ముగ్గురం ఉన్నట్టుంది, మూడోది ఆ వాకరు.

గదిలో కుట్టుమిషను వేశాను. బట్టలు పరిచేశాను, కాలు పెట్టే చోటు లేదు.

నువ్వు డాక్టరుకి చూపించి మత్తుగా ఉండే మందేదైనా రాయించు. పార్కుల ఆఫీసుకి వెళ్ళి నీ కష్టం చెప్పుకో. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. మీటింగులో చెయ్యెత్తినదానివి, నీ మాట వినకపోతారా? ఇలాంటి వాళ్ళను చూసుకునే చోట్లు కూడా ఉంటాయట, మా హోటలు మేనేజరు చెప్పాడు. నేను పంపమని అనట్లేదు. తెలుసుకోమంటున్నాను.

ఉతికిన బట్టలా ఒకసారి దులిపితే ముడతలు పోవు కదే మనుషులకి. ఓపిక పట్టు.

అక్క


మేడ మీద నుంచి
చలి

అక్కా,

గది సంగతి ఇక అడగను. బావగారి మోకాలు తొందరగా కుదుటపడాలి.

నువ్వు చెప్పినట్టే ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు నాకు కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించాడు. నాకు అప్పుడే భయం వేసింది. తిట్టేవాణ్ణి తిరిగి తిట్టొచ్చు, కుర్చీ వేసినవాణ్ణి ఏమంటాం? అంతా విని, "అమ్మా, మీరు చెప్పింది న్యాయం. వాళ్ళు చెప్పిందీ న్యాయమే. మీ కిటికీ మూయమనే హక్కు మాకు లేదు. మా స్థలంలో మేం ఏదైనా కట్టుకోవచ్చు" అన్నాడు. కసురుకోలేదు, గొంతు పెంచలేదు. వారంలో కట్టేశారు.

ఇనప చట్రానికి రేకులు బిగించి, కట్ట అంచున మన కిటికీకి ఎదురుగా నిలబెట్టారు. ఆకుపచ్చ రంగు వేశారు. అటువైపు తీగమొక్కలు నాటారు. ముందు ముందు పూలు పూస్తాయట. ఇటువైపు ఒట్టి రేకు. గదిలో పట్టపగలు లైటు వేసుకోవాల్సి వస్తోంది. టైర్ల కొట్టాయన వచ్చి, "నేను ముందే చెప్పలా?" అన్నాడు. ఆయన చెప్పింది దొంగల గురించి, కానీ ఏం జరిగినా ఆయన ముందే చెప్పినట్టే లెక్క.

చిన్నోడు మొదటి రోజు రేకువైపు చూస్తూ చెయ్యి ఊపాడు. అవతల అడుగుల చప్పుడు వినిపిస్తుంది కదా. చప్పుడు వచ్చినప్పుడల్లా ఊపాడు. మర్నాడు ఊచల్లోంచి చెయ్యి చాపి చీపురుకర్రతో రేకును కొట్టాడు. అవతల ఎవరో కెవ్వుమన్నారు. కర్ర దాచేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఫోనులోనైతే ఇది నోట్లోంచి రాదు.

ఒక ఆదివారం నేను మిషను మీద ఉన్నాను. ఆ రొదలో వెనక మెట్ల చప్పుడు వినలేదు. వాడు దిగాడు. ఇన్నేళ్ళుగా నువ్వూ నేనూ అమ్మా నాన్నా బతిమాలినా దిగనివాడు, వాడంతట వాడే మెట్లు దిగి, నా పక్కనుంచే వీధిలోకి వెళ్ళి, కట్ట ఎక్కాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. నేను తలెత్తేసరికి కొట్లోకి వచ్చిన గిరాకీ మనిషి, "ఇప్పుడు పోయినాయన ఎవరండీ, అలా గోడ పట్టుకుని నడుస్తున్నారు?" అన్నాడు.

పరుగెత్తాను. కట్ట మీద దారి మధ్యలో నిలబడి ఉన్నాడు. వచ్చేవాళ్ళకి, పోయేవాళ్ళకి చెయ్యి ఊపుతున్నాడు. మొహం వెలిగిపోతోంది. కిటికీలో ఉన్నప్పుడు తిరిగి ఊపినవాళ్ళే అక్కా, ఇప్పుడు పక్కకి తప్పుకుని పోతున్నారు. ఒక తల్లి పిల్లని చంకనెత్తుకుని వెనక్కి తిరిగింది. వాడు ఆ పిల్లకి ఇంకా దగ్గరగా వెళ్ళి ఊపాడు. పిల్ల ఏడ్చింది. కాపలావాడు వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. మెల్లగానే వేశాడు, నేను చూశాను. వాడికి బయటి మనిషి చెయ్యి తగిలి ఎన్నేళ్ళయిందో. కూలబడిపోయాడు. నేనూ కాపలావాడూ చెరో రెక్కా పట్టుకుని తెచ్చాం. దారి పొడుగునా, "తప్పుకోండి, దారివ్వండి" అని ఆ కాపలావాడు అరుస్తూనే ఉన్నాడు, ఏదో శవాన్ని మోస్తున్నట్టు.

ఆ సాయంత్రం నేను గది తలుపుకి తాళం బిగించాను. మంచి తాళం. కొట్లో ఉన్నవాటిలోకెల్లా మంచిది. ఊరందరికీ మూసుకుపోయిన తలుపులు తెరిచిపెట్టేదాన్ని, నా తమ్ముడి తలుపుకి బయటనుంచి తాళం వేస్తున్నాను. భోజనానికి తీస్తాను, స్నానానికి తీస్తాను, మళ్ళీ వేస్తాను. కింద మిషను తిరుగుతుంటే పైన తలుపు చప్పుడు వినపడదు. అందుకని మిషను ఆపకుండా తిప్పుతున్నాను.

నన్ను ఏమీ అనకు.

నీ చెల్లెలు


దుప్పట్ల గది నుంచి, పని మధ్యలో

పొట్టీ,

శనివారం వస్తున్నాను. కుట్టుమిషను తీయించేశాను, బట్టలు కట్టగట్టి పైన పడేశాను. వాణ్ణి నాతో తీసుకుపోతాను. మీ బావే అన్నారు, "నా వాకరు పక్కన వాడి కుర్చీ పట్టదా ఏం?" అని. ఆయన అన్నాక నాకు సిగ్గేసింది.

ఆ వీడియో చూసినప్పుడు మావాడేనని చెప్పానని రాశాను చూడు, చెప్పలేదు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

వాడి బట్టలు, మందులు సర్దిపెట్టు. కారు మాట్లాడాను.

అక్క


ఇంటి నుంచి
చలి చివర్లో

పొట్టీ,

నిన్న కారులో వాణ్ణి నీ దగ్గర దింపి, నీ మొహం చూడలేక వెంటనే తిరిగి వచ్చేశాను. టీ కూడా తాగకుండా వెళ్ళిందని కోపం తెచ్చుకోకు. ఇక్కడ ఏం జరిగిందో నువ్వు అడగలేదు. నేను చెప్పాలి.

మొదటి రెండు రోజులూ బాగానే ఉన్నాడు. మీ బావ వాకరు పట్టుకుని నడుస్తుంటే వెనకే నడిచాడు. ఇద్దరూ హాల్లో ఆ చివరికీ ఈ చివరికీ. మీ బావ, "స్టాపు వచ్చింది, దిగేవాళ్ళు దిగండి" అంటే వీడు నవ్వేవాడు. అబ్బ, కుదురుకున్నాడు అనుకున్నాను.

తర్వాత కిటికీ దగ్గరకి వెళ్ళాడు. మాది నాలుగో అంతస్తు కదే. ఆ సంగతి నాకు తట్టనేలేదు. వీధివైపు కిటికీ, వీధివైపు కిటికీ అని మురిసిపోయాను. పైనుంచి చూస్తే మనుషులు చీమల్లా ఉంటారు, ఒక్కరూ తలెత్తరు. వాడు చెయ్యి ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. సాయంత్రానికి చెయ్యి వాచింది. మీ బావ కాలు ఈడ్చుకుంటూ కిందకి దిగి, వీధిలో నిలబడి, పైకి చూస్తూ వీడికి చెయ్యి ఊపారు. పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేకుండా ఆ మనిషి ఎంతసేపు నిలబడ్డారో. వీడు ఆయన్ని గుర్తుపట్టనేలేదు.

అప్పటి నుంచి తినడం మానేశాడు. నేను బతిమాలాను, కసిరాను. నోట్లో పెడితే పెదవులు బిగించేవాడు. నేను పనికి వెళ్తే మీ బావ ఒక్కరే. వాడు లేచి తలుపులు లాగితే ఆపడానికి ఆయనకి కాలు సాగదు. డాక్టరు వచ్చి, "అలవాటైన చోటికే పంపండి, లేదంటే ఆస్పత్రిలో పెట్టాలి" అన్నాడు. రెండు వారాలు నిండకముందే కారు మాట్లాడాను.

నిన్ను ఎన్ని మాటలన్నాను, కమ్మీ బిగించు, మందు రాయించు అని. నా వల్ల కాలేదే, పొట్టీ. ఉన్నమాట అదే. వాణ్ణి కాదు, నన్ను చూసి భయం వేస్తోంది. దారిలో కారు దుమ్ము రేపుతుంటే, వాడు నిద్రపోతుంటే, ఈ దారి ఇంకా పొడుగ్గా ఉంటే బాగుండుననిపించింది, అటూ చేరకుండా ఇటూ చేరకుండా.

ఎలా ఉన్నాడో రాయి.

అక్క


మేడ మీద నుంచి
ఎండలు మళ్ళీ మొదలయ్యాక

అక్కా,

ఆలస్యమైంది. నీ మీద కోపంతో కాదు. బావగారు వీధిలో నిలబడి చెయ్యి ఊపారన్న చోట ఆగిపోయి, ఆ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుతూ ఉన్నాను. ఆయనకి నా దండాలు చెప్పు.

చిన్నోడు తింటున్నాడు. పెట్టినంత తింటాడు, వద్దనడు, కావాలనడు. ఒళ్ళు కూడా చేశాడు కాస్త. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంటాడు. గోడ మీద ఏమీ లేదు, సున్నం పెచ్చులు తప్ప.

గది తాళం తీసేశాను. నువ్వు తెచ్చి దింపిన మర్నాడే తీశాను. ఇక దాని అవసరం లేదు. తలుపు బార్లా తీసి ఉంచినా గుమ్మం వంక చూడటం లేదు.

పోయిన వారం మేనేజరుగారు మళ్ళీ వచ్చారు, ఆ అమ్మాయితో. ఈసారి కట్ట మీద ఎవరో ఒక అమ్మాయి చేతి సంచి లాక్కుపోయారట. సరిగ్గా ఆ రేకుల దగ్గర. వాటి వెనక నక్కి కూర్చున్నారు. తీగలు కూడా గుబురుగా పెరిగాయి కదా, ఆ మలుపు గుహలా తయారైంది. "రేకులు తీసేయమని మేమే ఆఫీసులో చెప్పామండీ," అన్నారు మేనేజరుగారు. "మీకు అభ్యంతరం లేకపోతేనే." అభ్యంతరమా! ఎవరూ లేనప్పుడు నవ్వుకున్నాను. ఆ అమ్మాయి ఇంకేదో చెప్పాలని నిలబడింది. "అప్పుడు ఆ కిటికీలో ఎవరో ఒకరు చూస్తున్నారని..." అని ఆగిపోయింది. నాకు కోపం రావాలక్కా. వచ్చి ఉంటే బాగుండేది. ఆ పిల్ల చేతిలో సైకిలు తాళంచెవి వంకరపోయి ఉంది, తీసుకుని ఆకురాయితో సరిచేసి ఇచ్చాను.

నిన్న రేకులు విప్పారు. ఒక్కో రేకూ ఊడుతుంటే గదిలోకి వెలుతురు పలకలు పలకలుగా పడింది. నేను పైకి పరుగెత్తాను, ఈ మెట్లు నేను అంత వేగంగా ఎప్పుడూ ఎక్కలేదు. "చిన్నోడా, చూడరా, తీసేశారు!" అన్నాను. వెలుతురు వాడి వీపు మీద పడింది. తిరగలేదు. భుజాలు పట్టుకుని కుర్చీతో సహా తిప్పబోయాను. కాళ్ళు నేలకి అదిమిపెట్టాడు. ఆ బలం ఎక్కడిదో.

ఇవాళ ఉదయం ఆ అమ్మాయి వచ్చింది. పరుగు ఆపి, కిటికీకి ఎదురుగా నిలబడి చెయ్యెత్తింది. ఆ పిల్లకి భయం లేదు ఈసారి. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని కూడా అనుకోలేదు. చాలాసేపు అలాగే నిలబడింది. "చిన్నోడా, బూట్లు వచ్చిందిరా. నీకోసమే ఆగిందిరా," అన్నాను. "ఒక్కసారి చూడు." వాడు దుప్పటి తీసి తలమీదుగా కప్పుకున్నాడు. లోపలినుంచి, "ఎండ," అన్నాడు. ఈ రెండు నెలల్లో వాడు మాట్లాడిన మాట అదొక్కటే.

ఒకపక్క ఆ పిల్ల, ఒకపక్క వీడు, మధ్యలో నేను. రమ్మనలేను, పొమ్మనలేను. చివరికి ఆ పిల్లే చెయ్యి దించుకుని వెళ్ళిపోయింది. నేను కిటికీకి దుప్పటి కట్టాను. వాడు పీకలేదు.

నీకు సెలవు దొరికితే రా అక్కా. నువ్వొచ్చినా చెయ్యగలిగేదేమీ లేదు, నాకు తెలుసు. సలహాలు కూడా వద్దు. నువ్వు వాడికి ఆ పక్కన, నేను ఈ పక్కన, ఊరికే కూర్చుందాం. మంచం నువ్వు తీసుకో, నేను కింద పడుకుంటాను. వచ్చే ముందు ఒక్క ముక్క రాయి, కొట్టు మూసి బస్టాండుకి వస్తాను.

నీ చెల్లెలు